ఒక కాలు పడవ మీద, ఒక కాలు రేవు మీద

అసలు కథలో లేని ఎపిసోడ్లు కల్పించి, ఉన్న కథను రబ్బరులా సాగదీసే యానిమే కంపెనీవాళ్లను ఎవరైనా ఆక్లాండ్ పిలిపించి సన్మానం చేస్తే, శాలువా కప్పడానికి అందరికంటే ముందు నిలబడేది నేనే!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. మాంగా అంటే జపాన్ వాళ్ల బొమ్మల కథల పుస్తకం. అదే కథను కదిలే బొమ్మలుగా తీసి తెర మీదికి ఎక్కిస్తే యానిమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఇందులో ఉన్నది అందులో లేదనీ, అందులో లేనిది ఇందులో ఎందుకు పెట్టారనీ కొట్లాడుకోవడానికి లోకంలో లెక్కలేనంతమంది కుర్రాళ్లు పనీపాటా మానుకుని కూర్చున్నారు. డెబ్బై దాటాక నేనూ వాళ్లలో ఒకదాన్ని అవుతానని ఎవరనుకున్నారు?

దీనికంతటికీ కారణం మా మనవరాలు రుచిత. మౌంట్ ఆల్బర్ట్‌లో మా అమ్మాయి నిరుపమ ఇంట్లో నాకూ దానికీ ఒకటే గది. దానికి తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు. నాకు ఇంగ్లిష్ నోటికీ రాదు, చెవికీ రాదు. ఇలాంటి ఇద్దరు కలిసి ఏం చేస్తారు? ఇద్దరికీ రాని జపనీస్‌లో కథ చూస్తారు! ప్రతి ఆదివారం భోజనాలయ్యాక సోఫాలో ఒకే రగ్గు కప్పుకుని ఒక ఎపిసోడ్. కింద ఇంగ్లిష్ అక్షరాలు పరుగెడుతుంటాయి. నేను 'ఆపు' అన్నప్పుడల్లా అది ఆపుతుంది. కూడబలుక్కుని చదువుతాను.

తెలుగు అక్షరాలే నేను బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నదాన్ని. ఇంగ్లిష్ మాత్రం ఎంతసేపు? కాకపోతే నాకొచ్చిన ఇంగ్లిష్ అంతా యానిమే ఇంగ్లిష్. మొన్న మూలమీది డైరీలో, అంటే ఇక్కడివాళ్ల చిల్లర కొట్లో, పాలు కొనుక్కుని, 'మళ్లీ కలుద్దాం, వీరుడా! ఈ రుణం మరువను!' అని ఇంగ్లిష్‌లో చెప్పి వచ్చాను. అప్పటి నుంచి ఆ కొట్టతను నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు.

మేం చూసేది యోషినో అనే పిల్ల కథ. ఒక చిన్న దీవి. అక్కడ పడవ నడిపే ఒక ముసలావిడ, ఆమె చేతుల్లో పెరిగిన యోషినో. నడుమ నడుమ సముద్రంలోంచి రాక్షసులు లేస్తుంటారు, ఈ పిల్ల తెడ్డుతో వాళ్ల నెత్తి పగలగొడుతుంటుంది. చివరికి పెద్ద సముద్రం చూడాలని దీవి వదిలి వెళ్తుంది. అంతే కథ.

చివర ఏమవుతుందో నాకు ముందే ఎలా తెలుసు? అదో వేరే ఘనకార్యం.

రుచిత లైబ్రరీ నుంచి తెచ్చిన మాంగాలో ఆఖరి భాగాన్ని ఒకరోజు నేను తెరిచాను. పుస్తకం ఎలా తెరుస్తాం? మనం తెరిచినట్టే తెరిచాను, ఎడమవైపు అట్ట తీసి. మొదటి పేజీలో బొమ్మల్లేవు. పెద్ద అక్షరాలతో ఒక్క మాట: 'ఆగు! నువ్వు తప్పు దారిలో వెళ్తున్నావు!'

అబ్బ, ఎంత గొప్ప ఎత్తుగడ అనుకున్నాను! కథ మొదలుపెడుతూనే పాఠకుణ్ని నిలదీస్తున్నాడు! గౌరవంగా పేజీ తిప్పాను. సముద్రం మీద చుక్కంత పడవ. తిప్పినకొద్దీ పెద్దదైంది. అందులో పిల్ల. ఒడ్డున ముసలావిడ కళ్లు తుడుచుకుంటోంది. పడవ రేవుకు చేరింది, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, కావలించుకున్నారు. ఆ తర్వాత కూర్చుని నూడుల్స్ తిన్నారు. ఎంత చక్కటి కథ! ఎక్కడికో వెళ్లిన పిల్ల తిరిగి వచ్చింది, కడుపు నిండా తిన్నది. ఇంతకంటే ఏం కావాలి?

రుచిత వచ్చి చూసి నేలమీద పడి నవ్వింది.

"అమ్మమ్మా, నో! రాంగ్ సైడ్! మాంగా రైట్ నుంచి చదవాలి. ఆ పేజీ స్టోరీ కాదు, వార్నింగ్!"

మా నాన్న ఉర్దూ మీడియంలో చదివినవాడు. ఆయన పుస్తకాలన్నీ కుడివైపు నుంచే తెరుచుకునేవి. అయినా నాకు తట్టలేదు చూడండి! సరైన వైపు నుంచి చదివితే తెలిసింది, ఆ నూడుల్స్ ఆఖరి భోజనమట. పడవ వస్తున్నది కాదు, పోతున్నదట. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మాంగాలో ఆ పడవ ఎక్కే దగ్గర ఎంత సేపు పడుతుంది? ఒక్క పేజీ! తాడు విప్పారు, ఎక్కింది, పోయింది. ఏం, పేపరు కరువొచ్చిందా జపాన్‌లో?

యానిమేవాళ్లు అలాంటి నిర్దయులు కారు. అదే పేజీని ఎపిసోడ్ల తరబడి నడిపించారు. తాడు ముడి బిగుసుకుందన్నారు. ఆ తాడు పేనిన తాత చిన్నతనం చూపించారు. ఆ తాతకు ఒక మేక. మేకకు ఒక చిన్ననాటి బాధ. ఇంతలో చెయ్యి ఎత్తింది పిల్ల. ఆ చెయ్యి భుజం దాకా లేవడానికి ఒక వారం, తల దాటడానికి ఇంకో వారం!

ఇలాంటివాటిని ఈ పిల్లలు 'ఫిల్లర్' అంటారు, మొహం అదోలా పెట్టి. రుచిత స్నేహితుడు రిషి అని హెండర్సన్ నుంచి వస్తుంటాడు. హైదరాబాద్ వాళ్ల అబ్బాయి, బంగారుకొండ, కానీ మాంగా పక్షం. మా ఇంట్లో మేక ఎపిసోడ్ నడుస్తుంటే తలుపు దగ్గరే నిలబడిపోయాడు, మైల పడతానన్నట్టు.

"ఆంటీ, మీరు ఇది చూస్తున్నారా? మాంగాలో అసలు మేకే లేదు!"

"లేకుంటే ఏమాయె? మంచి మేక."

"అది కాదు ఆంటీ. స్టోరీ ముందుకు పోతలేదు గదా!"

"ముందుకు పోయి ఏం చేస్తది బిడ్డా? ఆ పిల్ల పోతది. గంతే గదా?"

రిషి చివరికి లోపలికొచ్చి కూర్చున్నాడు. పకోడీలు తిని వెళ్లిపోయాడు.

మీరే చెప్పండి పాఠకులారా! ఫిల్లర్ మనకు కొత్తా? మన పెళ్లిళ్లలో అప్పగింతలేమిటి? అసలు కథ ప్రకారం పెళ్లయింది, పిల్ల కారెక్కాలి, అంతే. కానీ ఎక్కనిస్తామా? పాలలో చేతులు ముంచి అత్తకు అప్పగిస్తాం, మామకు అప్పగిస్తాం, ఆడపడుచుకు అప్పగిస్తాం, చివరికి వీడియో తీసేవాడికి సరిగ్గా రాలేదంటే మళ్లీ మొదటి నుంచి అప్పగిస్తాం! డ్రైవర్ హారన్ కొడుతుంటాడు. కారులో కూర్చున్న పిల్లను పిలిచి, మరిచిపోయిన దువ్వెన ఇస్తాం. మాంగా పక్షంవాళ్లకు అప్పజెబితే ఇదంతా ఒక్క బొమ్మ! నేనడుగుతున్నాను, ఎవరు నాగరికులు?

ఇంకా వినండి. ఈ కంపెనీవాళ్ల దయ ఇక్కడితో ఆగలేదు. యోషినో ఒక కాలు పడవ మీద పెట్టింది. ఒక కాలు రేవు మీదే ఉంది. వెనక్కి తిరిగి చూసింది. సీజన్ అయిపోయింది!

అవును, అక్కడే! తర్వాతి సీజన్ ఎప్పుడో చెప్పలేదు. ఇంటర్నెట్ అంతా తిట్లు. రుచిత దిండు విసిరికొట్టింది. నేను మాత్రం లోపలికెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఎందుకంటారా? ఆ పిల్ల ఇంకా వెళ్లలేదు! రెండేళ్లుగా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది, ఒక కాలు పడవ మీద, ఒక కాలు రేవు మీద. పాపం, నొప్పెడుతూ ఉంటుంది. కానీ ముసలావిడకు ఎంత నిశ్చింత!

ఆ రెండేళ్లూ మేమిద్దరం పాత ఎపిసోడ్లు మళ్లీ చూశాం. మేకను కూడా.

ఈలోగా రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. ఫిబ్రవరిలో కొత్త సీజన్ వస్తుందట. అదే ఫిబ్రవరిలో రుచిత డునెడిన్ యూనివర్సిటీకి వెళ్తుందట.

డునెడిన్ ఎక్కడో తెలుసుగా? ఈ దేశం కింది కొసన. అక్కడ చలి. అక్కడి ఫ్లాట్లలో లోపల కూడా పొగలాగా ఊపిరి కనిపిస్తుందట. సీళ్లనే సముద్రపు జంతువులు రోడ్ల మీదికి వస్తాయట. సీల్ కరిస్తే ఏ ఇంజక్షన్ చేస్తారని నిరుపమను అడిగాను.

"ఏందమ్మా నీ లొల్లి? అది చదువుకోనీకి పోతున్నది, సీళ్లను పెంచనీకి కాదు!"

"నేనేమన్న? ఇంజక్షన్ ఉన్నదా లేదా అన్న."

"సెమిస్టర్ అయితే వస్తది. ఊకో ఇగ."

రుచిత మాత్రం ఒక లెక్క వేసింది. కొత్త సీజన్ మొదటి ఎపిసోడ్ తను వెళ్లే ముందు ఆదివారమే వస్తుందట. కలిసి చూడవచ్చట. నేను రోజూ కంపెనీవాళ్ల కోసం ప్రార్థించాను. బొమ్మలు గీసేవాళ్లకు జలుబు చేయాలనీ, రంగులు ఆరకూడదనీ! నా మొర విన్నారు. సీజన్ వాయిదా పడింది! లోకమంతా మళ్లీ తిట్టింది. నేను పాయసం చేశాను.

నా బుద్ధి ఎలా ఉందో చూడండి. సీజన్ వాయిదా పడితే విమానం కూడా వాయిదా పడుతుందని లోపలెక్కడో అనుకున్నాను. విమానం మాత్రం వాయిదా పడలేదు.

ఆ ఉదయం నా శక్తికొద్దీ ఫిల్లర్ చేర్చాను. కారు కదలగానే పచ్చడి సీసా మరిచానన్నాను. వెనక్కి వచ్చాం. మూత సరిగ్గా లేదన్నాను. ఇంకో కవర్ చుట్టాం. సందు చివర దాటాక రగ్గు గుర్తొచ్చింది. ఆదివారాల రగ్గు.

"అమ్మమ్మా, ఇట్స్ ఓకే. అది నీకే ఉండనీ," అంది రుచిత.

నిరుపమ గడియారం చూసి గేర్ మార్చింది. నా దగ్గర మేక కథలు ఇంకా ఉన్నాయి, ఎవరూ అడగలేదు.

ఎయిర్‌పోర్ట్‌లో దింపే చోట మెరిసే పచ్చ జాకెట్ వేసుకున్న ఒక మనిషి చేతులూపుతూ ఉంటాడు. దించు, కదులు, దించు, కదులు. వెనక కార్ల వరస. పెట్టె దిగింది. రుచిత నన్ను గట్టిగా పట్టుకుంది, చెవిలో ఏదో చెప్పింది. పచ్చ జాకెట్ అతను మా బానెట్ మీద తట్టాడు. అద్దాల తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

ఒక్క పేజీ.

అదీ నా ఫిర్యాదు! మాంగావాళ్ల మీద కాదు. మా ఆయన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నప్పుడు లిఫ్టు తలుపులు ఇంతే. ఏదో చెప్పబోయాడు, మూసుకున్నాయి. శంషాబాద్‌లో మా చెల్లెలు చెయ్యి ఎత్తింది, ఎవరిదో ట్రాలీ అడ్డం వచ్చింది. అది దాటేలోపు నన్ను లోపలికి తోశారు. ఆ చెయ్యి తల దాటిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవడండీ మన జీవితాలను సినిమాలా తీసేవాడు? వాడికి మేక అంటే తెలియదా? తాడు ముడి కాస్త బిగుసుకోకూడదా?

సరే. శాలువా సంగతి తేల్చి ముగిస్తాను.

ఇంటికొచ్చి చూస్తే సోఫా మీద, మడతపెట్టిన రగ్గు పైన, మాంగా ఆఖరి భాగం ఉంది. లైబ్రరీది కాదు, కొత్తది. రుచిత కొని పెట్టి వెళ్లింది. ఎయిర్‌పోర్ట్‌లో నా చెవిలో చెప్పింది దీని గురించే: "అమ్మమ్మా, సోఫా మీద చూడు. అండ్ రైట్ సైడ్ నుంచి చదువు, ప్లీజ్!"

అందుకే పాఠకులారా, పైన ఇంతసేపు వాదించినదంతా వెనక్కి తీసుకుంటున్నాను. శాలువా మాంగావాళ్లకే. రిషీ, నువ్వే గెలిచావు బిడ్డా, వచ్చి పకోడీలు తిని పో. యానిమే ఎంత సాగదీసినా ఎటు నడుస్తుంది? ముందుకే. ఆ కాలు ఏదో ఒక సీజన్‌లో పడవ మీదికి వచ్చి తీరుతుంది. మాంగా అలా కాదు. పుస్తకం మన చేతిలో ఉంటుంది, ఎటువైపు తెరవాలో మన ఇష్టం.

ఆదివారం మధ్యాహ్నం రగ్గు కప్పుకుని కూర్చున్నాను. ఎడమవైపు అట్ట తీశాను.

'ఆగు! నువ్వు తప్పు దారిలో వెళ్తున్నావు!'

తెలుసు నాయనా, తెలుసు.

పేజీ తిప్పాను. దూరంగా సముద్రం మీద చుక్కంత పడవ కనిపించింది.