వదిలేయాల్సినవాటిలో పండుగ

జులై నెలలో ఒక సోమవారం పొద్దున ఎవాంథియా పెట్టుకున్న పని చాలా చిన్నది. టూరిస్టులకు అద్దెకిచ్చే నాలుగు గదుల తలుపుల వెనక ఒక్కో కాగితం అంటించాలి. ఆ గ్రీకు దీవికొచ్చిన ప్రతివాళ్ళూ "ఏం చూడాలి, ఏం మానెయ్యాలి?" అని అడిగి ఆమె ప్రాణం తోడేస్తున్నారు. పొయ్యి మీద కాఫీ పెట్టి, కాగితం మధ్యలో గీత కొట్టింది. చేయవలసినవి: ఉత్తరపు గాలి వీచే రోజున దక్షిణపు రేవులో ఈత, సాయంత్రం గాలిమర దాకా నడక. వదిలేయవలసినవి: మిట్టమధ్యాహ్నం కోట మెట్లు, గుమ్మంలో నిలబడి చెయ్యి పట్టుకు లాగే హోటళ్ళు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ శనివారం పునీత పరస్కేవి పండుగ. కిందటేడు చర్చి ఆవరణలో జరిగిన విందుకు టూరిస్టులు బారులు తీరారు. ఎవాంథియా వంతు వచ్చేసరికి గుండిగ అడుగు కనిపించింది. పుట్టి పెరిగిన ఊళ్ళో, కన్నతండ్రి గరిటె పట్టిన విందులో, ఆమె ఖాళీ పళ్ళెంతో ఇంటిదారి పట్టింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. వదిలేయవలసినవాటి కింద ఇలా రాసింది: "పరస్కేవి పండుగ. మూడు గంటల పాటు ప్రార్థన. ఫాదర్ గొంతు తుప్పు పట్టిన తలుపు బందు. మేక కూరలో ఎముకలు తప్ప ఏమీ ఉండవు."

రాశాక ప్రాణం కాస్త హాయిగా అనిపించింది.

రెండో గదిలో దిగిన హెండ్రిక్ హాలండులో జడ్జిగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. గ్రీకు భాషను పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాడు. ఇంత నిజాయితీగా రాసిన కాగితాన్ని ఆయన ఎక్కడా చూడలేదట. వెంటనే ఫోటో తీసి, తన భాషలోకి, ఇంగ్లీషులోకి మార్చి, ఆ దీవికొచ్చే వాళ్ళంతా చూసే ఇంటర్నెట్ గ్రూపులో పెట్టాడు. ఆ సంగతి ఎవాంథియాకు చెప్పాలని ఆయనకు తోచలేదు.

శనివారం ప్రార్థన ముగిసింది. ఎనిమిది మేకల కూర గుండిగల్లో కుతకుత ఉడుకుతోంది. చలికాలంలో తండ్రి పోవడంతో ఈ ఏడు గరిటె ఆమె తమ్ముడు స్త్రాతీస్ చేతికి వచ్చింది. అతను గేటు వంక చూస్తూ చెమట తుడుచుకుంటున్నాడు.

"అక్కా, ఒక్క టూరిస్టూ రాలేదేంటి? నా వంటంటే భయమా?"

"ఓడ ఆలస్యమైందేమోలేరా."

"ఎక్కడాలస్యం? పొద్దున్నే వచ్చింది. అందరూ ఈతకి పోయారు."

సరిగ్గా అప్పుడే హెండ్రిక్, మరో ముగ్గురు భుజాన తువ్వాళ్ళతో గేటు ముందు నుంచి మునివేళ్ళ మీద నడిచి వెళ్ళడం ఎవాంథియా కంటబడింది. పరుగెత్తి వాళ్ళకు అడ్డం పడింది.

"రండయ్యా, భోంచేసి వెళ్ళండి!"

"అమ్మా, మీరు మర్యాదకై పిలుచుచున్నారు," అన్నాడు హెండ్రిక్ వంగి నమస్కరించి. "వలదని మీరే వ్రాసితిరి. మేమది లోకమంతటికీ తెలియజేసితిమి."

ఫోటో చూపించాడు. కింద తొమ్మిది వందల మంది మెచ్చుకున్నారు.

"అబ్బే, అది... అది కిందటేటి సంగతి. ఈ ఏడు అంతా మారిపోయింది," అంది ఎవాంథియా. ఆ క్షణానికి నోటికొచ్చిన అబద్ధం అదే.

హెండ్రిక్ ముఖం వికసించింది. నేరుగా ఆవరణలోకి నడిచి, సిమెయోన్ ఫాదర్ ముందు నిలబడి, ఊరంతా వినేలా గొంతు విప్పాడు. "అయ్యా, నిరుడు తుప్పు పట్టిన బందువలె ఉండిన మీ కంఠము ఈ ఏడు బాగుపడినదని ఎవాంథియా గారు సెలవిచ్చిరి. ఎముకలు తప్ప ఏమియు లేని కూర సైతము మెరుగుపడినదట. అభినందనలు!"

ఆవరణలో తలలన్నీ ఎవాంథియా వైపు తిరిగాయి.

"కిందటేడు వండింది మీ నాన్నే కదటే," అంది ముసలి కిర్యాకూలా.

స్త్రాతీస్ గరిటె కింద పెట్టేశాడు. "ఎముకలన్నావా అక్కా? నాన్న చేతి కూరని?"

ఎవాంథియా ముఖం కందగడ్డలా అయిపోయింది. తలెత్తలేక నేలకేసి చూస్తూ చెప్పింది. "నాకు ఎముక కూడా దక్కలేదురా. తిన్నవాళ్ళ మీది కుళ్ళుతో రాశాను. అదే ఆయన ఆఖరి వంట అవుతుందని ఎవరికి తెలుసు? దాని రుచెలా ఉందో కూడా నాకు తెలీదు. తప్పయిపోయింది. ఫాదర్, మీరూ క్షమించాలి."

"ఆ బందు సంగతి..." అని ఫాదర్ సన్నగా దగ్గాడు.

"అది మాత్రం నిజమేలెండి," అంది కిర్యాకూలా.

ఎవరూ నవ్వలేదు. స్త్రాతీస్ చెవులు మాత్రం అక్క ముఖం కంటే ఎర్రగా మారాయి.

"అక్కా, నాన్న నీకు పళ్ళెం తీసిపెట్టాడు. తొడ ముక్కలు. గుడ్డ కప్పి, అక్కకిచ్చి రారా అన్నాడు."

"మరి?"

"మలుపు దగ్గర వాసన చూశాను."

"చూసి?"

"పళ్ళెం కడిగి తెచ్చిచ్చాను. అక్కకి ఎలా ఉందట అని అడిగాడు. వేళ్ళు నాక్కుందని చెప్పా. ఎంత పొంగిపోయాడో! అందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేకపోయాను."

అప్పుడు పేలింది నవ్వు. ఎవాంథియా తమ్ముడి చెవి పట్టుకు మెలిపెట్టింది, మరుక్షణం అతని భుజం మీద తల వాల్చి ఏడ్చింది. అతను మొదటి పళ్ళెం ఆమెకే నింపాడు, అన్నీ తొడ ముక్కలే. చాలా ఏళ్ళ తర్వాత ఊళ్ళో ముసలాళ్ళందరికీ కూర్చోవడానికి కుర్చీ దొరికింది. హెండ్రిక్ మూడుసార్లు వడ్డించుకుని, తన పోస్టు తీసేస్తానన్నాడు. వద్దని ఊరంతా బతిమాలింది.

అయితే ఎనిమిది మేకలకు తినేవాళ్ళు డెబ్బై మందే. ఆ తర్వాత రోజూ పొద్దునా సాయంత్రం అదే కూర. ఆగస్టు ఒకటిన మొదలయ్యే, మాంసం ముట్టని ఉపవాసం కోసం ఆ ఊరు అంత భక్తిగా ఎదురుచూడటం అదే మొదటిసారి.