బుచ్చన్న తెచ్చిన నెహర్

ఆ పొద్దు బాలమణి అనుకున్నది ఒక్క గోడ పనే. పెనిమిటి బుచ్చన్న పల్లికాయ బండితో కర్నూలు పోయాడు. తిరిగి వస్తూ నెహ్రూ పటం తెస్తానన్నాడు. కర్నూలు బ్రిటిషు సీమ, ఇది నిజాం రాజ్యం. అట్లాంటి పటం పట్టుబడితే జైలు తప్పదు. అందుకే లోపలింట్లో, గుమ్మంలోంచి కనపడని గోడకు ఆమె సున్నం పూస్తున్నది. పెద్ద మేడలో పుట్టిన ఆ మనిషి జైళ్లలో మగ్గుతూ, అక్కడి నుంచే బిడ్డకు ఉత్తరాలు రాశాడని బుచ్చన్న చెప్పిననాడు ఆమె కొంగుతో కళ్లొత్తుకున్నది. బుచ్చన్నకు చదువు రాదు. ఆయన జైలుకు పోతే ఉత్తరం కూడా రాదు.

నిప్పు కోసం వచ్చిన పక్కింటి రుక్కమ్మ గుమ్మంలో ఆగింది.

"ఏందే, పండుగ లేదు పబ్బం లేదు, సున్నమేస్తున్నవ్?"

బాలమణి గొంతు తగ్గించింది. "మీ మరిది నెహ్రూను తెస్తుండక్కా. ఎవ్వరికి చెప్పకు."

రుక్కమ్మకు నెహ్రూ తెలియదు. పన్నుకు వచ్చే గిర్దావరు నోట విన్న ఉర్దూ మాట ఒకటి తెలుసు. నెహర్, అంటే కాలువ.

"మన ఊరికే?"

"మా ఇంట్లకే. అగో, ఈ గోడకు."

"గోడ పక్కపొంటే వస్తదా తల్లీ! మరి మా దిక్కు?"

"నీకు సూపియ్యకుంటనా? తలుపేసుకొని సూద్దాం."

"తలుపేస్తే ఆగుతదానే అది!" అంటూ రుక్కమ్మ నిప్పు మాట మరిచి ఉరికింది.

వాన కోసం మొగులు చూసి చూసి మెడలు పట్టేసిన ఊరది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కాలువ మాట ఊరంతా పాకి గెట్ల మీద పారలు లేచాయి. "నా చేన్లకెల్లే పోవాలె" అని కురుమూర్తి. "నీది మిట్ట చేను, నీళ్లేమన్న నిచ్చెనేసుకొని ఎక్కుతయా?" అని నాగన్న. ఒకరి తలగుడ్డ ఒకరు లాగారు. తగవు తీర్చబోయిన పోలీసు పటేలు ఊరందరినీ వెంటబెట్టుకొని బాలమణి వాకిట్లోకి వచ్చాడు.

"ఏమమ్మా, బుచ్చడు తెస్తున్నది నిజమేనా?"

బాలమణి సున్నం చేతులతోనే దండం పెట్టింది. "తెల్వక చేసిండు పటేలా. ఒక్కటే. జర సిన్నది."

"సిన్నదా? ఊరందరికి సరిపోతదా?"

అప్పుడే బండి వచ్చింది. గుంపును చూసి బుచ్చన్న గోనెసంచిని గుండెకు అదుముకున్నాడు.

"నెహర్ ఏడుందిరా?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "సంచిల ఉన్నడు పటేలా."

"సంచిల కాలువనా!" ఊరు గొల్లుమన్నది.

బాలమణి ఎగబడి సంచి లాక్కున్నది. "పటం నేనే తెమ్మన్న. పట్టుకపోతే నన్ను పట్టుకపో."

"అబద్ధం పటేలా! నాదే తప్పు."

పటేలు పటం బయటికి తీసి చాలాసేపు చూశాడు.

"కాలువ గాదన్నట్టు. ఈయన గెలిస్తే ఏమొస్తదిరా?"

"స్వరాజ్యం, పటేలా."

"అండ్ల నీళ్లుంటయా?"

"ఉంటయంటుండ్రు."

పటేలు తన భుజం మీది గుడ్డ తీసి పటానికి చుట్టి బాలమణి చేతిలో పెట్టాడు. "నేను కాలువ తగాదకు వచ్చిన. కాలువ లేదు, తగాద లేదు. నడువుండ్రి ఇండ్లకు!"

గుంపు పలచబడ్డాక ఆయన గడప దగ్గరికి తిరిగొచ్చాడు. అటూ ఇటూ చూసి మెల్లగా అన్నాడు.

"పటం మొకం పడమటికి పెట్టమ్మా."

పడమట పటేలు చేను ఉంది.