దోన్యా క్రెసెన్సియా ఐదు నిమ్మకాయలు

ఆ రోజు పదిగంటల పాఠం సవ్యంగా సాగితే ఎవారిస్తో మాస్టారి ఉద్యోగం పర్మినెంటు. లేకపోతే ఆరేళ్ళ టెంపరరీ బతుకు ఆ టర్ముతో సరి. తనిఖీకి మెక్సికో నగరం నుంచి ఓబ్దూలియా మేడమ్ వస్తోంది. పర్యావరణం చదివే పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చూపించాలని అతను పొద్దున్నే ఎండు గోగుపూలు మరిగించి జగ్గునిండా వడగట్టుకున్నాడు. ఆమ్లం తగిలితే ఆ నీళ్ళు ఎర్రగానే ఉంటాయి, మామూలు నీళ్ళకు ఊదారంగు తిరుగుతాయి, సబ్బునీళ్ళకు పచ్చబడతాయి. ల్యాబులో ఫ్రిజ్ లేదు కనుక జగ్గును క్యాంటీన్ ఫ్రిజ్‌లో పెట్టాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

క్యాంటీన్ దోన్యా క్రెసెన్సియాది; దోన్యా అంటే అక్కడ అమ్మగారని. ఆ ఊళ్ళో గోగుపూల నీళ్ళంటే తాగేవే, ఇంకో వాడకం ఎవరూ ఎరగరు. ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఛీ! తీపీ లేదు, పులుపూ చాల్లేదు. పెద్దమేడమ్ వచ్చేరోజు ఇవా పోసేది? ఇంట్లో చెప్పేవాళ్ళు లేకపోతే ఇంతే, పాపం!"

అరకిలో చక్కెర, ఐదు నిమ్మకాయల రసం కలిపి, పుణ్యం చేసుకున్నాననుకుంటూ ఫ్రిజ్ మూసింది.

పాఠం మొదలైంది. ఇత్సెల్ అనే విద్యార్థిని గ్లాసులో గోగునీళ్ళు పోసి, అందులో నదినీళ్ళు కలిపింది. రంగు మారలేదు.

"మాస్టారూ, ఎర్రగానే ఉంది! నదిలో ఆమ్లం!"

"ఆగమ్మా, ఇంకోసారి చూద్దాం."

"మీకేం, ఆగమంటారు! అక్కడ మా మామయ్య చేపలు ఆగుతాయా?"

ఆమె మామయ్యకు ఫోన్ చేసింది. నది ఒడ్డున చేపల చెరువులున్న ఆయన మున్సిపాలిటీకి చేశాడు. మున్సిపాలిటీవాళ్ళు ముందూవెనకా చూడకుండా నది నుంచి ఊరికి నీళ్ళు తోడే పంపు ఆపేశారు. ఫాదర్ బాప్తిస్మాలు వాయిదా వేసి చర్చి గంట కొట్టించాడు.

ఇక్కడ ఎవారిస్తో సబ్బునీళ్ళు కలిపి చూశాడు. అవీ ఎర్రగానే ఉన్నాయి. లోకం తలకిందులైనా సబ్బునీళ్ళు ఆమ్లం కావు. అంతలో మేయరు మాస్టారికి ఫోన్ చేశాడు. ఇత్సెల్ ఎత్తి అందరికీ వినబడేలా పెట్టింది.

"మాస్టారూ, ఊరిని కాపాడారు! సాయంత్రం చౌరస్తాలో సన్మానం!"

ఓబ్దూలియా మేడమ్ కలం తీసింది. "ఇంత పనికొచ్చే పాఠం ఎక్కడా చూడలేదయ్యా. నీ కాగితాలు ఇలా ఇవ్వు."

అప్పుడే దోన్యా క్రెసెన్సియా దూసుకొచ్చి అతని చెవిలో గొణిగింది. "కుళాయిలు ఆగిపోయి బీన్స్ మాడుతున్నాయి మాస్టారూ! అది సరే, ఆ జగ్గు ఇంకా ముట్టుకోలేదేం? ఐదు నిమ్మకాయలు పిండాను, చేతులు మండిపోతున్నాయి!"

ఆ మాట అతనొక్కడే విన్నాడు. నోరు మూసుకుంటే ఉద్యోగమూ సన్మానమూ రెండూ దక్కుతాయి. కలం కాగితం మీదికి వచ్చింది. పక్కన ఇత్సెల్ తన ఫోన్‌లో ఏడుస్తోంది. "చేపల్ని పీపాల్లోకి తోడేస్తున్నావా మామయ్యా? సగం చచ్చిపోతాయేమో!"

"మేడమ్, సంతకం ఆపండి," అన్నాడు ఎవారిస్తో. "నదికేం కాలేదు. పాడైంది నా జగ్గు, ఇందులో నిమ్మరసం కలిసింది. సబ్బునీళ్ళతో ముందే సరిచూసుకోవాల్సింది. తప్పు నాది. అమ్మాయ్, మామయ్యను ఆపు!"

ఇంకా లైన్‌లోనే ఉన్న మేయరు మెల్లగా అడిగాడు. "అయితే బ్యాండువాళ్ళకు వద్దని చెప్పమంటారా?"

ఓబ్దూలియా మేడమ్ జగ్గులోంచి ఒక గ్లాసు వంపుకుని నిదానంగా తాగింది. "పులుపు కాస్త ఎక్కువైంది," అంటూ సంతకం పెట్టేసింది. "నది పాడైందనే మాస్టార్లు కావలసినంత మంది ఉన్నారు. నా జగ్గు పాడైందన్నవాడిని ఇప్పుడే చూస్తున్నాను."

మరుసటి వారం ఎవారిస్తో జగ్గుకు చీటీ అంటించాడు: "ఇది పాఠం. తాగకూడదు, ఏమీ కలపకూడదు." పదిగంటలకు వెళ్ళి చూస్తే కింద క్రెసెన్సియా చేతిరాత ఉంది: "నిమ్మకాయ వేయలేదు. చక్కెర ఒక్కటే."

చక్కెరతో రంగు మారదు కనుక మాస్టారు ఆ జగ్గుతోనే పాఠానికి వెళ్ళాడు.