ఇరవై ఎనిమిదో తారీఖు దాకా ఉండవలసిన జబ్బు

కృపానిధి కూతుర్ని పోలీసులు దేశం దాటించేస్తున్నారని పాలు పోసే అప్పలసూరి పక్కింటి గురమ్మతో చెప్పాడట. ఆ పిల్ల అక్కడేదో చేసి వచ్చింది కాబట్టే ఆరునెలలుగా తండ్రి దగ్గర దాక్కుందని అతనికి నౌపడ స్టేషను దగ్గర ఎవరో చెప్పారట. గురమ్మ ఆ మాటను కుళాయి దగ్గర నలుగురికి అప్పజెప్పి, ఐదోసారి, నీళ్ళకొచ్చిన ఆ కూతురు రూబీకే చెప్పింది.

"నేనైతే నమ్మలేదమ్మీ. దొంగతనం సేసినదానివైతే నీ సేతికి రెండు గాజులైనా ఉండవా?" అని ఓదార్చింది కూడా.

అసలు సంగతి ఇంతకన్నా చప్పగా ఉంటుంది. రూబీ పుట్టింది నౌపడలోనే, ఉప్పు మడులకు ఇవతలి వీధిలో. నర్సు పని మీద న్యూజిలాండు వెళ్ళి పంతొమ్మిదేళ్ళయింది. అక్కడి పౌరసత్వం తీసుకుంది. అక్కడే పెళ్ళాడింది, అక్కడే నాలుగేళ్ళ కిందట భర్తను పాతిపెట్టింది. మే నెలలో తండ్రికి పక్షవాతం వచ్చిందని తెలిసి దొరికిన వీసా పట్టుకుని వచ్చేసింది. అది టూరిస్టు వీసా. కాబట్టి పుట్టిన వీధిలో ఆమె ఇప్పుడొక యాత్రికురాలు. యాత్ర నవంబరు ఇరవై ఎనిమిదితో ముగియాలి.

శ్రీకాకుళం పోలీసు ఆఫీసులో విదేశీయుల కాగితాలు చూసే నరసింగరావు గారు ఆమెకు మూడు దారులు చెప్పారు. మొదటిది, భారత సంతతి వాళ్ళకిచ్చే శాశ్వత కార్డు. దానికి పాత ఇండియా పాస్‌పోర్టు కావాలి. ఇల్లు మారినప్పుడు అదెక్కడ పోయిందో దేవుడికే తెలియాలి. రెండోది, దేశం దాటి వెళ్ళి కొత్త వీసాతో తిరిగి రావడం. వెళ్తే మళ్ళీ వస్తానన్న నమ్మకం ఆమెకే లేదు. మూడోది, తండ్రి జబ్బును కారణంగా చూపి గడువు పొడిగించుకోవడం. అందుకు డాక్టరు ఉత్తరం కావాలి. ఇంటికొక కానిస్టేబులు వచ్చి రోగిని కళ్ళారా చూడాలి.

ఆ సోమవారం పొద్దున రూబీ వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిది గంటల బస్సుకి వెళ్ళి కాగితాలిచ్చి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి తండ్రికి చారు కాయాలి. "రోగి మరో మనిషి సాయం లేకుండా లేవలేడు" అని డాక్టరు రాసిచ్చాడు. జూన్‌లో అది అక్షరాలా నిజం. నవంబరుకి కాస్త పాతబడింది. కృపానిధి ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి, టీ తాగి, ఎవరితోనో తగువు పెట్టుకుని వస్తున్నాడు.

పథకం ప్రకారమే అంతా జరిగింది. వచ్చే సోమవారం మనిషిని పంపుతామన్నారు. తిరిగొస్తూ రూబీ చర్చి దగ్గర ఆగి పాస్టరు థామస్ గారిని కలిసింది. వీసా మాట చెబితే ఊరంతా పాకుతుందని, "నాన్న ఆరోగ్యం కోసం ప్రార్థించండి అయ్యగారూ" అని మాత్రం అంది.

పంతొమ్మిదేళ్ళలో ఆమె మరిచిపోయినదొకటుంది. ఆ సంఘంలో ప్రార్థన అడగడమంటే పని పురమాయించడమే. అది నెరవేరేదాకా వదలరు. నెరవేరాక చాటకుండా ఉండరు.

మర్నాడు స్త్రీల సమాజం అధ్యక్షురాలు జ్ఞానసుందరి తొమ్మిదిమంది ఆడవాళ్ళతో, రెండు కంజీరలతో ఇంట్లోకి దిగింది. మూడు రోజులు ఉపవాస ప్రార్థన. "నువ్వు పక్కకుండమ్మా, అన్నయ్యని మేం సూసుకుంటాం" అని రూబీని వంటింట్లోకి నెట్టేసింది. రెండు రోజులు రూబీ ఉపవాసం వాళ్ళకి టీలు కాచింది.

మూడోరోజు గురువారం. కృపానిధి ఉప్పు కార్ఖానాలో కాటా గుమాస్తాగా చేసిన రోజుల్లో ముప్పై ఏళ్ళు చర్చిలో పాటలు పాడించినవాడు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. శ్రుతి ఒక దారి, తాళం ఇంకో దారి. రెండు చరణాలు పళ్ళు బిగబట్టుకున్నాడు. మూడో చరణానికి ఉండబట్టలేక దిగ్గున లేచి, "అదేటి పాటా, సావుకొచ్చినట్టు ఆ సాగదీతేటి! సూడండిలా!" అని గది మధ్యకొచ్చి కుడిచేత్తో గాల్లో తాళం వేశాడు. కర్ర మంచం మీదే ఉండిపోయింది.

పాట ఆగిపోయింది. జ్ఞానసుందరి కర్ర వైపు చూసింది. ఆయన వైపు చూసింది. "స్తోత్రం!" అని కేక పెట్టింది. ఆ కేకకు గురమ్మ గోడవతల బిందె వదిలేసింది.

శుక్రవారం తెల్లారేసరికి స్టేషను రోడ్డులో ఎనిమిదడుగుల ఫ్లెక్సీ లేచింది. యువజన సంఘం స్టాన్లీ చలవ. "వైద్యులు చేతులెత్తేసిన కృపానిధి గారికి సంపూర్ణ స్వస్థత! ఆదివారం సాక్ష్య సభ. అందరూ ఆహ్వానితులే." పక్కన ఆయన నిలువెత్తు ఫోటో. మూలన స్టాన్లీ ఫోటో, అంతకన్నా కాస్త పెద్దది.

రూబీ పరుగెత్తింది. "ఒరే స్టాన్లీ, ఇరవై ఎనిమిది దాటేదాకా తీసెయ్యరా."

"దేవుడి మహిమని పోస్ట్‌పోన్ సెయ్యమంటావేటక్కా?"

ఇక దాచి లాభం లేదని పాస్టరు గారికి వీసా సంగతంతా చెప్పేసింది. ఆయన కళ్ళు మూసుకుని, "అమ్మా, గురువారం బాగైన మనిషి ఇరవై తొమ్మిదిన బాగయ్యాడని నేను మైకులో సెప్పలేను" అన్నారు.

"పూర్తిగా బాగవలేదు అయ్యగారూ. ఎడం సెయ్యి ఇంకా బిగుసుకునే ఉంది."

"అల్పవిశ్వాసం అమ్మా" అన్నారాయన జాలిగా.

ఇంటికొచ్చి తండ్రితో బేరానికి దిగింది. సోమవారం కానిస్టేబులు వచ్చిన గంటసేపు మంచం దిగకూడదు. "అబద్ధం ఆడమంటన్నావా?" అన్నాడు కృపానిధి.

"పడుకోమంటన్నాను. ముసిలోళ్ళు పడుకోరా?"

ఆయన బేరం ఒప్పుకున్నాడు. "సోమవారం నీది. ఆదివారం నాది" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె గుమ్మంలో కూర్చుంది. దారినపోయే ప్రతి మనిషీ ఆగి, "ఏటి కూరొండినావే?" అని అడిగి వెళ్తున్నారు. ఆమె ప్రతివాళ్ళకీ ఆనపకాయ అని చెబుతోంది. పదకొండోసారి కూడా మొదటిసారిలాగే, కొంచెం ముందుకు వంగి చెప్పింది. ఆనపకాయలో చింతపండు ఎంత వేసిందో, బెల్లం ఎప్పుడు వేసిందో కూడా చెప్పింది. ఈ ఆరునెలల్లో ఆమెకు ఆ దేశం నుంచి వచ్చినవి రెండే ఫోన్లు. రెండూ ఒక కంపెనీవాళ్ళవే, ఇంటి పైకప్పు కడిగించుకుంటారా అని. రెండోసారి వాళ్ళు పెట్టేస్తామన్నా ఆమె మాట్లాడుతూనే ఉంది.

కృపానిధి వెనక మంచం మీంచి ఇదంతా చూస్తున్నాడు. "ఆడ నిన్నెవులైనా అడుగుతారేటే, ఏటి కూరని?" అన్నాడు.

"అడక్కేం."

"ఎవులు?"

చారు పొంగుతోందని ఆమె లోపలికి వెళ్ళింది. ఆ పూట ఇంట్లో చారు పెట్టలేదు.

కృపానిధి తన స్వస్థత గురించి చెబుతాడని ఆదివారం చర్చి నిండిపోయింది. సోమవారం ఎవరో మంత్రి పర్యటన పడి బందోబస్తు డ్యూటీ రావడంతో, కానిస్టేబులు గంగులు తన విచారణ ఒకరోజు ముందే ముగించుకుందామని మధ్యాహ్నం పాసింజరు దిగాడు. ఫ్లెక్సీ దగ్గర ఆగి రెండుసార్లు చదివాడు. వీధిలోకి వచ్చి, "కృపానిధిగారి ఇల్లెక్కడ?" అని గురమ్మనడిగాడు.

"ఇంట్లో ఏటున్నాది బాబూ, అదిగో, మైకులో ఇనిపిస్తన్నాడు."

ఎవరో గంగులుని చర్చిలో వెనక కుర్చీలో కూర్చోబెట్టి చేతికి నిమ్మనీళ్ళిచ్చారు. వేదిక మీద కృపానిధి ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడు. ముందు వరసలో ఉన్న రూబీ ఖాకీ చొక్కాను చూసింది. తండ్రికి సైగ చేసింది. కూర్చోమని సైగ చేస్తే ఆయనకు లేవమన్నట్టు కనిపించిందో ఏమో, మరింత ఊపొచ్చింది.

"ఏసయ్య కృప వల్ల ఇయ్యాల నాకు ఎవుడి సాయమూ అక్కర్లేదు!" అన్నాడు మైకు అదిరేలా.

"హల్లెలూయ!" అంది సభ.

గంగులు ఆ ముక్కను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. భోజనాలయ్యాక వేలిముద్రకు బదులు సంతకం చేస్తానని కృపానిధి పట్టుబట్టి మరీ ఆ కాగితం మీద సంతకం చేశాడు.

బుధవారం శ్రీకాకుళం రమ్మని కబురొచ్చింది. సంగతి తెలిసి సంఘం మొత్తం నొచ్చుకుంది. "మా వల్లేనమ్మా, మేమే సెప్తాం" అని జ్ఞానసుందరి బయల్దేరింది. ఆమెతో ముగ్గురు ఆడవాళ్ళు, పాస్టరు గారు, స్టాన్లీ, గురమ్మ కూడా. గురమ్మది హిందువుల ఇల్లే గానీ, ఆదివారం ఆ కానిస్టేబులుకి దారి చూపింది తనే కదా అని రెండు రోజులుగా నిద్రలేదట. అందరూ నరసింగరావు గారి గదిలోకి ఒకేసారి వచ్చారు. కృపానిధి చేతికర్ర ఒకరి దగ్గరుంది, మాత్రల సంచి ఒకరి దగ్గరుంది, మంచినీళ్ళ సీసా ఇంకొకరి దగ్గరుంది. ఆయనకు కుర్చీ కోసం స్టాన్లీ పక్కగదిలో ఎవరితోనో పోట్లాడుతున్నాడు.

నరసింగరావు గారు గంగులు రిపోర్టు చదివారు. "రోగి మైకులో ఉన్నాడు" అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగారు.

"ఏమ్మా, మీ నాన్నగారు బాగానే ఉన్నారు కదా?"

"మళ్ళీ ఎప్పుడైనా తిరగబెట్టొచ్చు సార్. నేను వెళ్ళిపోతే ఆయన్ని చూసుకునేవాళ్ళు లేరు. ఆయన ఒంటరివారు సార్" అంది రూబీ.

నరసింగరావు గారు గదిలో నిలబడ్డ అందరినీ వరసగా చూశారు. "ఒంటరివారా?" అన్నారు. తర్వాత కలం తెరిచి, దరఖాస్తులో గడువు పొడిగింపుకు కారణం అని ఉన్నచోట పెట్టి, పెద్దాయన వైపు తిరిగారు. "మీరే చెప్పండి మాస్టారూ. ఇక్కడ ఏం రాయమంటారు?"

కృపానిధి కూతురి వైపు చూడకుండా చెప్పాడు.

"నాకు అందరూ ఉన్నారు బాబూ. ఎవులూ లేనిది దానికే. అదే రాసుకోండి."