రెండున్నర అడుగుల బావి

1983 మే నెల. బుక్కరాయసముద్రం దగ్గరి ఊళ్లో నాగన్న సోమవారం పొద్దున్నే ఇంటి పక్క జాగాలో మగ్గం గుంత తవ్వాడు. నేతగాళ్లు ముందు గుంత తవ్వి, తర్వాత దాని చుట్టూ గది కడతారు. నేసేవాడు కాళ్లు పెట్టుకోవడానికి రెండున్నర అడుగుల లోతు చాలు. ధర్మవరం షావుకారు రెండో మగ్గానికి పట్టు పడుగు ఇస్తానన్నాడు. వచ్చే వారం శుక్రవారానికి గది లేకపోతే ఆ పడుగు ఇంకొకరికి పోతుంది. గది కట్టుకోమని సర్పంచి గంగాధరప్ప నోటిమాటగా చెప్పాడు.

పది గంటలకు పట్నం ప్లానింగు ఆఫీసు ఇన్‌స్పెక్టరు యేసన్న సైకిలు దిగాడు.

"ఏం కడతాండారు?"

"గది సార్. సర్పంచి చెప్పినాడు."

"పోయిన నెల నుంచి ఈ ఊరు మా ప్లానులోకి వచ్చింది. సర్పంచి చెప్తే కుదరదు. అర్జీ పెట్టుకో, ఆరు నెలలు పడతాది. అంతవరకు గుంత పూడ్చెయ్."

నాగన్న పార అందుకున్నాడు. భార్య కదిరమ్మ దాన్ని లాక్కుంది.

"గది కాదు సారూ. మా ఆయప్పకు మాట్లాడేది రాదు. ఇది బావి."

"ఇంతేనా లోతు?"

"ఈ పొద్దే కదా మొదలుపెట్టింది."

ఆ ఆఫీసుకు గదుల మీద అధికారం ఉంది, బావుల మీద లేదు. యేసన్న డైరీలో 'బావి' అని రాసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం గంగాధరప్ప వచ్చాడు.

"ఏమప్పా, మన ఊరి బావి సంగతి టౌనోడు రాసుకోని పోయినాడంట?"

"బావి కాదన్నా, మగ్గం గుంత. నువ్వే కట్టుకోమన్నావు."

"ఆ మాట మళ్లా అనొద్దు. గది అయితే వాళ్లది అయితాది. బావి అయితే మనది."

సాయంత్రానికి అది కరువు పనుల్లో పంచాయతీ బావిగా చేరింది. మంగళవారం ఎనిమిది మంది కూలీలు గడ్డపారలతో దిగారు. ఇంకో గజం తవ్వితే తన కాళ్లు అందవు, షావుకారు అంతకన్నా అందడు అనుకుంటూ నాగన్న గట్టున కూర్చున్నాడు. మూడో దెబ్బకు బండ తగిలింది. ఆ ఊళ్లో ఎక్కడ తవ్వినా తగిలే బండే. కూలీలు గడ్డపారలు పక్కన పెట్టారు.

బుధవారం పక్కింటి తిప్పన్న మేక అందులో పడి కాలు విరగ్గొట్టుకుంది. తిప్పన్న నష్టం కట్టమని సర్పంచి దగ్గరికి వెళ్లాడు.

"రాసుకోని పోయినోళ్లనే అడుగుపో" అన్నాడు గంగాధరప్ప.

తిప్పన్న మేకను భుజాన వేసుకుని పట్నం వెళ్లాడు. మూత లేని బావి ప్రమాదమని, దాని మీద కప్పు వేసే అధికారం తమదేనని ప్లానింగు ఆఫీసు కాగితం పంపింది. అది చదివి గంగాధరప్ప చెప్పులు వేసుకున్నాడు.

"కప్పు వాళ్లది అయితే గోడలు మనవి. రాయి తోలండప్పా."

కూలీలకు మళ్లీ పని దొరికింది. గోడ నడుము ఎత్తుకు లేచినప్పుడు కదిరమ్మ గంగాధరప్పను కిటికీ పెట్టమని అడిగింది.

"బావికి కిటికీ యాలమ్మా?"

"నీళ్లకు గాలి ఆడొద్దా అన్నా?"

కిటికీ పెట్టారు. తర్వాత తలుపు కూడా పెట్టారు. రెండో బుధవారం పట్నం నుంచి రేకులు వచ్చాయి. శుక్రవారం షావుకారు గోడలు తట్టి చూసి పడుగు ఇచ్చాడు.

రెండు నెలల తర్వాత యేసన్న బావి చూడటానికి వచ్చాడు. నాగన్న గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు.

"నీళ్లు యాడ?"

"యాడివి సారూ. మీ రేకులు గట్టివి. మొన్న వానొచ్చినా చుక్క దిగలేదు" అంది కదిరమ్మ.

"మరి ఈ మగ్గం?"

"ఎండిన బావే కదా, ఊరికే ఎందుకని."

యేసన్న తలెత్తి రేకులను చూశాడు. వాటి మీద తమ ఆఫీసు పేరు ఎర్ర రంగుతో రాసి ఉంది. ఇది గది అని రాస్తే, అనుమతి లేని గదికి కప్పు ఎవరు వేశారో కూడా రాయాలి. 'బావి ఎండినది' అని రాసుకున్నాడు. పంచాయతీ పుస్తకంలో గంగాధరప్ప కూడా అదే రాశాడు.

ఆ ఏడాది కరువుకు జిల్లా లెక్కల్లో బావులన్నిటికీ ఎదురుగా అదే మాట ఉండటంతో, పై ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు.