పది గంటల పడవ

విద్యాశాఖ మంత్రిగారు విశాఖపట్నం వచ్చి, టౌనుహాల్లో మైకు సరిచేసుకుని, ఇకమీదట ఈ రాష్ట్రంలో ప్రజల సంతకం లేకుండా ఒక్క వాక్యం కూడా పాఠ్యపుస్తకంలోకి ఎక్కదని ప్రకటించారు. ఉక్కు నగరంలో మాట్లాడుతున్నారు గనక, మన పుస్తకాలు ఉక్కులా ఉండాలన్నారు. ఉక్కు ఫ్యాక్టరీకి అప్పటికి శంకుస్థాపన రాయే ఉంది కాబట్టి ఆ పోలిక ఎవరికీ తప్పనిపించలేదు. చప్పట్లు బాగా మోగాయి. ముందు నాలుగు వరుసలూ మాస్టార్లే.

ఇది డెబ్బై ఎనిమిదో సంవత్సరం మాట. మంత్రిగారు విమానం ఎక్కేలోగానే కమిటీ పుట్టింది. దాని పేరు 'పాఠ్యపుస్తక పునఃపరిశీలన మరియు ప్రమాణాల పెంపుదల సంఘం'. సభ్యులు పదకొండు మంది. పదిమంది హైదరాబాదు నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లు. పదకొండోవాడు, జీవో ప్రకారం, 'పాఠానికి సంబంధించిన వృత్తిలో ఉండి సంతకం చేయగలవాడు' కావాలి. ముందుగా పట్టుకున్న పాఠం ఏడో తరగతి సోషల్లో ఆరోది, 'మన జాలరులు'. అంచేత గుమాస్తా ఒకాయన జాలరిపేట వచ్చి ఇసకలో నిలబడి, "ఇక్కడ సంతకం వచ్చినవాళ్లెవరు?" అని అడిగాడు.

అందరూ తలొంచుకుని వలలు బాగుచేసుకున్నారు. సంతకం అడగడానికి వచ్చినవాడు మేలు చేసి వెళ్లిన దాఖలా ఆ పేటలో లేదు.

సూరన్న ఒక్కడు లేచాడు. "నాకొచ్చు బాబూ."

"బుర్రగానీ తిరిగిందేటి బావా," అన్నాడు కన్నబాబు. సూరన్న చెల్లెలి మొగుడు, ఇద్దరిదీ ఒకటే పడవ. "ఏ కేసులో ఇరికిత్తాడో ఏటో."

"కేసు కాదురా. పుత్తకం."

"అదింకా పెద్ద కేసు."

సూరన్న లేవడానికి కారణం అతని కూతురు పోతమ్మ. ఆ ఏడు ఆ పిల్ల ఏడో తరగతి పరీక్ష పోయింది. అన్నిట్లోనూ ప్యాసే, సోషల్లో మాత్రం ముప్పై రెండు. మూడు మార్కులు తక్కువ. 'జాలరులు ఏ వేళకు సముద్రంలోకి వెళ్లి ఏ వేళకు తిరిగి వస్తారు?' అని నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. అది చూడగానే పిల్ల నవ్వుకుందట. కోడి కూయకముందే నేల గాలి మీద వెళ్తారనీ, మధ్యాహ్నం సముద్రపు గాలి మీద తిరిగొస్తారనీ రాసింది. అంత రాసినందుకు సున్నా వచ్చింది. పుస్తకంలో ఉన్నది ఇది: 'జాలరులు ఉదయం పది గంటలకు సముద్రంలోకి వెళ్లి సాయంత్రం ఐదు గంటలకు ఇల్లు చేరుదురు.'

బళ్లో పోలిరాజు మాస్టారు మంచివాడు. ఉన్నమాట చెప్పాడు. "మార్కులు పుస్తకం వెనకాల నడుస్తాయి సూరన్నా. పుస్తకం మారితే పేపరు మళ్లీ దిద్దమని అడగొచ్చు. మారకపోతే అక్టోబరులో మళ్లీ రాయాలి. అప్పుడూ పోతే పేరు కొట్టేస్తారు."

ఇంట్లో పోతమ్మ తల్లి సూర్యకాంతమ్మ కొత్త చేపల గంప ఒకటి తెచ్చి చూరుకు వేలాడదీసింది. "నా మెడలు పడిపోతన్నాయి. అక్టోబరు దాకా సూత్తాను. ఆ తరవాత దీన్ని అదే మొయ్యాల," అంది. పోతమ్మ ఆ గంప కేసి చూడకుండా ఇంట్లోకీ బయటికీ తిరగడం నేర్చుకుంది.

అదీ సంగతి. సూరన్న కమిటీలో చేరాడు.

మొదటి సమావేశానికి ఉతికిన చొక్కా వేసుకెళ్తే, గుమ్మంలోనే చొక్కాకి 'మత్స్య నిపుణులు' అని అట్టముక్క గుచ్చారు. స్పెషలాఫీసరు నరసింహమూర్తిగారు లేచి నమస్కారం పెట్టి, తన పక్క కుర్చీ చూపించారు. అంత గొప్ప మర్యాదస్తుణ్ణి ఆ జిల్లా మళ్లీ చూడలేదు. ఆయన ఎవర్నీ కాదనేవారు కాదు, ఫైల్లో లేని మాట వినేవారూ కాదు. ఎదురుగా పాఠం రాసిన శ్రీరామ్మూర్తిగారు కూర్చున్నారు. ఆయన ప్రతి ఆదివారం హుస్సేన్ సాగర్ గట్టు మీద షికారు చేసే మనిషి గనక నీళ్లు ఆయనకు కొత్త కాదు.

'చేరుదురు' అనాలా 'చేరుకుంటారు' అనాలా అన్నదాని మీద చర్చ భోజనాల వేళ దాకా సాగింది. చివరికి 'చేరుకుందురు' దగ్గర రాజీ కుదిరింది. అప్పుడు సూరన్న గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, ఓ మాట. పది గంటలకి మావెవరం ఏటకి ఎల్లం."

శ్రీరామ్మూర్తిగారు నొచ్చుకున్నారు. "మరి ఎప్పుడు వెళ్తారు?"

"కోడి కూయకముందే బాబూ. అప్పుడు నేల గాలి లోనకి తోసుకెల్తాది. పొద్దెక్కితే సంద్రం గాలి ఎదురొచ్చెత్తాది. తెరచాపెత్తితే పడవ ఎనక్కే."

"గాలులు సైన్సయ్యా," అన్నారు నరసింహమూర్తిగారు మెత్తగా. "అవి సైన్సు సబ్‌కమిటీ కిందికి వస్తాయి. వాళ్లిప్పుడు కర్నూల్లో ఉన్నారు. మనది సోషలు."

"గాలి నేకుండా పడవెలాగెల్తాది బాబూ?"

"సోషల్లో వెళ్తుంది."

సూరన్న శ్రీరామ్మూర్తిగారి కేసి తిరిగాడు. "పోనీ, పదికని తవఁరికెవరు సెప్పేరు?"

"ఒకరు చెప్పాలా?" అన్నారు శ్రీరామ్మూర్తిగారు. "కష్టపడి పనిచేసేవాళ్లెవరైనా పదికే కదా వెళ్తారు. నేనూ పదికే వెళ్తాను."

అయినా కమిటీ ప్రజాస్వామ్యబద్ధమైనది. అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా, మూడు కాపీలు ఇవ్వమన్నారు. పుస్తకం కొత్త ముసాయిదా ప్రజలందరూ చూసుకోవడానికి నెల్లాళ్లపాటు ఆఫీసులో ఉంచుతామన్నారు, పది నుంచి ఐదు దాకా. ఆ వేళ జాలరులు సముద్రంలో ఉంటారు గనక వాళ్లకు వీలుపడదని మినిట్సులో విచారం వెలిబుచ్చారు.

అభ్యంతరం పోతమ్మ రాసింది, తన మార్కుల సంగతితో సహా. మూడు కాపీలూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, "నాన్నా, దీనికన్నా నాలుగు మార్కులేత్తారా?" అంది. సూరన్న మూడింటి మీదా సంతకం చేశాడు. రెండో తరగతితో బడి మానేసినవాడి సంతకం, కాగితానికి అడ్డంగా వచ్చింది.

కమిటీ స్పందన చూసి సూరన్నే ఆశ్చర్యపోయాడు. కాగితాలతో పనేముంది, స్వయంగా తీరానికి వెళ్లి కళ్లతో చూసి తేల్చేద్దామన్నారు నరసింహమూర్తిగారు. శుక్రవారం, ఉదయం పది గంటలకు.

"ఇంకేటి, గెలిసేసినాం," అన్నాడు సూరన్న ఇంటికొచ్చి. "పదికొచ్చి సూత్తే ఒడ్డు మీద ఒక్క పడవుండదు. ఆళ్ల కళ్లే ఆళ్లకి సెప్తాయి."

శుక్రవారం పేటంతా ఎప్పట్లాగే కోడి కూయకముందే వేటకు వెళ్లిపోయింది. సూరన్న వెళ్లలేదు. కమిటీ సభ్యుడు గనక కమిటీకి ఎదురొచ్చి స్వాగతం పలకాలని మెమో వచ్చింది. అతను లేనిదే పడవ కదలదు గనక కన్నబాబూ ఆగిపోయాడు.

పదికి రెండు జీపులు దిగాయి. ఒడ్డు ఖాళీగా ఉంది. సూరన్న ఛాతీ పొంగింది.

"ఆ పడవ ఎవరిది?" అన్నారు నరసింహమూర్తిగారు.

"నాదే బాబూ."

"ఇంకా వెళ్లలేదే?"

"తవఁరి కోసమే ఆగినాను."

"మేం చూశాక వెళ్తావు కదా?"

"తవఁరెల్లమంటే..."

నరసింహమూర్తిగారు గడియారం చూసుకుని, గుమాస్తాకి నెమ్మదిగా చెప్పి రాయించారు. 'ఉదయం పది గంటలకు తీరంలో ఉన్న పడవలు ఒకటి. అందులో సముద్రంలోకి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవి ఒకటి. నూటికి నూరు శాతం.'

"మిగిలినయ్యన్నీ ఎప్పుడో ఎల్లిపోనాయి బాబూ," అన్నాడు సూరన్న.

"లేని పడవల్ని కమిటీ ఎలా లెక్కపెడుతుందయ్యా?"

శ్రీరామ్మూర్తిగారు సముద్రాన్ని మొదటిసారి అంత దగ్గరగా చూస్తూ, "నేనప్పుడే అన్నాను," అన్నారు.

అంతటితో పోలేదు. తిరిగొచ్చే వేళ కూడా సరిచూడాలి కదా. సాయంత్రం ఐదుకి మంత్రిగారు స్వయంగా వస్తున్నారు, పుస్తకానికి ఫొటో తీస్తారు. "ఐదు దాకా సముద్రంలో ఉండు సూరన్నా. ఈ ఫొటో ఒక్కటీ అయిపోతే రేపే నీ అభ్యంతరం తీసుకుంటాం. మీ అమ్మాయి సంగతి నాకు గుర్తుంది," అన్నారు నరసింహమూర్తిగారు. పిల్ల సంగతి గుర్తుందనేసరికి సూరన్న పడవ తోశాడు.

పదకొండుకల్లా సముద్రపు గాలి లేచింది. ఇద్దరూ చాప దించేసి, పడవ ఒడ్డుకి కొట్టుకుపోకుండా తెడ్లు వేస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం పేట పడవలన్నీ చేపలతో, చాపల నిండా గాలితో వాళ్లని దాటుకుంటూ ఇంటికెళ్లాయి. ఒక్కో పడవలోంచి ఒక్కో ప్రశ్న వచ్చింది, ఒకటీ మర్యాదైంది కాదు.

"మనవిక్కడ ఏటి సేత్తన్నాం బావా?" అన్నాడు కన్నబాబు, చేతులు బొబ్బలెక్కి.

"సోషలు సేత్తన్నాం. తెడ్డెయ్యి."

ఐదుకి ఒడ్డుకొస్తే వలలో ఏమీ లేదు. మంత్రిగారి ముందు ఖాళీ వల బాగుండదని, బజారు నుంచి జీపులో చేపలు తెప్పించి వలలో పోశారు. వాటికి ఐసు ముక్కలు అంటుకునే ఉన్నాయి. మంత్రిగారు ఒక చేపని తోక పట్టుకుని ఎత్తి, "ఎంత చల్లగా ఉందో చూశారా, ఇదీ మన సముద్రం," అన్నారు. ఫొటో బాగా వచ్చింది.

మర్నాడు తీర్మానం టైపై వచ్చింది. తెలుగు పుస్తకం గురించి గనక ఇంగ్లీషులో ఉంది.

"ఇందులో నా మాటుందా బాబూ?" అన్నాడు సూరన్న.

"నీ మాట, నీ పడవ, నీ ఫొటో, అన్నీ ఉన్నాయి," అన్నారు నరసింహమూర్తిగారు.

"మా గుంట పోతమ్మ మార్కులో?"

"ప్రమాణాలు పెంచుతున్నాం సూరన్నా. పెరిగినప్పుడు అందరివీ పెరుగుతాయి."

పదిమంది సంతకాలూ అయ్యాయి. పదకొండోది అడ్డంగా వచ్చింది.

కొత్త పుస్తకం సెప్టెంబరులో వచ్చింది. పోతమ్మ గుమ్మంలో కూర్చుని పైకి చదివింది. ఆరో పాఠంలో సగం పేజీ ఫొటో. పడవ, మంత్రిగారు, చేప, ఓ పక్కన సూరన్న. కింద: 'ఉదయం పది గంటలకు వేటకు వెళ్లి ఐదు గంటలకు ఇల్లు చేరుకున్న జాలరి.' దాని కింద కొత్తగా పెంచిన ప్రమాణం: 'ఈ తరగతి పూర్తి అయ్యేసరికి విద్యార్థి పై వేళలను తడుముకోకుండా చెప్పవలెను.' దాని కింద: 'మీ ఉపాధ్యాయునితో కలిసి సముద్ర తీరమునకు వెళ్లి చూడుడు.' చివర చిన్న అక్షరాల్లో: 'పాఠము సరిచూసినవారు: శ్రీ సూరన్న, మత్స్య నిపుణులు.'

"ఫొటో బాగుంది," అంది సూర్యకాంతమ్మ, గంప కేసి చూస్తూ.

పోతమ్మ, తండ్రి ముఖం చూసి పుస్తకం మూసేసింది.

"పుత్తకంలో ఉన్నట్టే రాసీయే," అన్నాడు సూరన్న రాత్రి అన్నం ముందు కూర్చుని. "నాను సంతకం ఎట్టీసినాను. ఇంక అదే నిజం."

అక్టోబరు పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. ఫలితాలొచ్చాక పోలిరాజు మాస్టారు సూరన్నని పిలిచి పేపరు చూపించాడు. పోతమ్మ రెండు వాక్యాలు రాసింది.

'జాలరులందరూ కోడి కూయకముందే వెళ్లి మధ్యాహ్నానికి వస్తారు. మా నాన్న ఒక్కడే పది గంటలకు వెళ్లి ఐదు గంటలకు వచ్చాడు.'

మొదటి వాక్యం ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. రెండోదానికి నాలుగుకి నాలుగు.

"ముప్పై ఆరు. ప్యాసు," అన్నాడు మాస్టారు, ఎటో చూస్తూ.

పోతమ్మ ఎనిమిదిలో చేరింది. కొత్త గంపలో సూర్యకాంతమ్మ కోడిని కూచోబెట్టింది. అంతా సుఖాంతమే అనుకుంటుండగా నరసింహమూర్తిగారి దగ్గర్నుంచి ఉత్తర్వు వచ్చింది. కొత్త పాఠం ప్రకారం జిల్లాలో ప్రతి బడీ పిల్లల్ని తీరానికి తీసుకొస్తుంది. వాళ్లు వచ్చినప్పుడు అక్కడ జాలరి లేకపోతే పాఠం దెబ్బతింటుంది. కాబట్టి పాఠం సరిచూసిన సభ్యులు ప్రతి శనివారం పది గంటలకు పడవతో సహా హాజరు కావాలి.

"ఇదెన్నాళ్లు బావా?" అన్నాడు కన్నబాబు.

"పుత్తకం మార్సీదాకా."

"అదెప్పుడు మారుత్తారు?"

"ఇప్పుడే గదరా మార్సినారు."

మొదటి శనివారం సబ్బవరం నుంచి నలభైమంది పిల్లలు వచ్చారు. బస్సు ఆలస్యమై పదకొండైంది. సముద్రం ఎన్నడూ చూడని పిల్లలు. మాస్టారు వాళ్లని ఇసకలో వరసగా నిలబెట్టి, గడియారం చూసి, "పదైందని రాసుకోండి," అన్నాడు. సూరన్నకి సైగ చేశాడు.

సూరన్న, కన్నబాబు పడవ తోశారు. పడవ కెరటం దాటింది. చాపెత్తారు. చాప నిండా గాలి పట్టింది.

రెండో వరసలో రెండు జడల పిల్ల రాయడం ఆపి చెయ్యెత్తింది.

"సార్, పడవ ఎనక్కొచ్చెత్తంది."

"అది సైన్సు," అన్నాడు మాస్టారు. "రాయొద్దు."