పాస్‌పోర్టుకు అట్ట

కుందూ నది పొంగి నంద్యాల దారి తెగిన ఏడు పోయి, అది మూడో ఎండాకాలం. ఆళ్లగడ్డ టైలరు తిమోతి ఆ శుక్రవారం పొద్దున ఒకే పని పెట్టుకున్నాడు. భార్య లూదియా ప్రయాణమయ్యేలోగా ఆమె పుస్తకాలన్నిటికీ ఖాకీ అట్టలు వేయాలి.

లూదియా సీషెల్స్ దీవుల్లో ఒక బడిలో లైబ్రేరియను. ఏడాదికోసారి సెలవుకు వస్తుంది. అక్కడి తేమకు పుస్తకాలు బూజు పడుతున్నాయని ఫోనులో ఎప్పుడూ బాధపడేది. ఈసారి పిల్లలకు బొమ్మల పుస్తకాలు కొని పెట్టె నింపింది. ఈ ఏడు పోకపోతే ఏం అని అడగడానికి తిమోతికి పదిహేను రోజులుగా నోరు రాలేదు. అడగలేక అట్టలు వేశాడు. గుడ్డ కొలిచినట్టు కొలిచి, మూలలు మడిచి, యాభై ఒకటి వేశాడు. పుస్తకాల మీద పాస్‌పోర్టు కనబడింది. దానికి మాత్రం తేమ తగలదా అని దానికీ వేసి, మొత్తం యాభై రెండు చేసి, స్నానానికి పోయాడు.

లూదియా పెట్టె తూచింది. బరువు ఎక్కువైంది. సన్నవి చూసి పన్నెండు తీసి, నంద్యాల నుంచి వచ్చిన ఆడబిడ్డ ప్రవళిక చేతిలో పెట్టింది.

"మీ వేసవి బైబిల్ బడిలో పిల్లోళ్లకు పంచు."

ప్రవళిక నంద్యాల బస్సెక్కింది.

మధ్యాహ్నానికి ఇల్లంతా తలకిందులైంది. రాత్రి ఎనిమిదింటికి నంద్యాలలో బెంగళూరు బస్సు, తెల్లారితే విమానం. సోమవారం లైబ్రరీ తలుపు తీయకపోతే ఆ బడివాళ్లు ఇంకొకరిని పెట్టుకుంటారు.

"యాడ పెట్టినావయ్యా పాస్‌పోర్టు?"

"పుస్తకాల్లో ఉంటాది. అట్టేసినా."

"పాస్‌పోర్టుకు అట్టేందీ!"

ఉన్న అట్టలన్నీ చింపారు. లేదు. పక్కింటి కొండమ్మ గడపలో నిలబడి నవ్వింది. "ఏమప్పా తిమోతీ, పెండ్లాన్ని పంపబుద్ధి గాక దాసిపెట్టినావా?"

లూదియా నవ్వలేదు. "నిజం చెప్పు. దాసినావా?"

పంపబుద్ధి కాని మాట నిజమే. అందుకే కాదని గట్టిగా అనలేకపోయాడు. తల వంచుకుని చినిగిన అట్టలు లెక్కపెట్టాడు.

"యాభై రెండు ఏసినా. ఈడ నలభయ్యే ఉండాయి."

"తక్కినవి బరువని నేనే ప్రవళికకు..." లూదియా మాట అక్కడే ఆగింది.

పెట్టె తీసుకుని ఇద్దరూ నంద్యాల చేరేసరికి నాలుగు దాటింది. ప్రవళిక అప్పటికే పన్నెండూ పంచేసింది. పిల్లలు ఇళ్లకు పోయారు. ముగ్గురూ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. రెండో ఇంటికే కబురు వాళ్లకన్నా ముందు పోయింది, ఇచ్చిన పుస్తకాలు గుంజుకుంటున్నారని. పిల్లలు బియ్యం డబ్బాల్లో, పరుపుల కింద దాచారు. ఒక తల్లి చీపురుతోనే బయటికొచ్చింది.

"ఇచ్చింది మళ్లా అడగడమేందమ్మా? మీ ఊర్లో ఇదేనా మర్యాద?"

"చూసి ఇచ్చేస్తాం తల్లీ," అని లూదియా చేతులు జోడించింది. సీషెల్స్‌లో గడువు దాటిన పుస్తకాలను నిమిషంలో రాబట్టే మనిషి, నంద్యాలలో పదకొండు ఇళ్ల వాళ్లను బతిమాలింది. పదకొండింటిలోనూ బొమ్మలే.

పన్నెండోది దివ్యశ్రీ అనే ఏడేళ్ల పిల్ల దగ్గర దొరికింది. అరుగు మీద కూర్చుని విసుగ్గా పేజీలు తిప్పుతోంది.

"ప్రవళికక్కా, ఇది బాగల్యా. అన్నీ ముద్దర్లే. ఒకటే బొమ్మ. ఆయమ్మ నవ్వను గూడా నవ్వదు."

"నవ్వుతాది," అన్నాడు తిమోతి. "ఇంటికొస్తే."

లూదియా ముఖం పక్కకు తిప్పుకుంది. పిల్లకు పెట్టెలోంచి మంచి ఏనుగుల పుస్తకం తీసిచ్చింది.

బస్సు కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. లూదియా కిటికీలోంచి చెయ్యి చాపి అతని చొక్కా పట్టుకుంది.

"నిన్నంటిని. నా చేత్తో నేనే పంపించుకున్నా."

"పోనీలే."

"పోకపోతే ఏమని ఒక్క మాట అడగొచ్చు గదా? అడుగుతావేమోనని పదైదు దినాలు చూసినా."

తిమోతి బస్సు చక్రం వైపు చూశాడు. "అడిగింటే ఆగుతాంటివా?"

"ఆగను. నువ్వూ రారాదా అంటాంటి."

బస్సు కదిలింది. అతను ఏం చెప్పాడో హారను మోతలో ఆమెకు వినిపించలేదు.

ఆ రాత్రి చెల్లెలింట్లో పడుకున్నాడు. మరుసటి రోజు పొద్దున్నే తల దువ్వుకుని, ఆధారు కార్డు జేబులో పెట్టుకుని, పాస్‌పోర్టు ఆఫీసు ముందు అందరికన్నా ముందు నిలబడ్డాడు. పది దాటినా వెనక ఎవరూ రాలేదు. తన అదృష్టమే అనుకున్నాడు గానీ, అది రెండో శనివారమని వాచ్‌మన్ పదకొండింటికి చెప్పాడు.